వైరస్ అనే లాటిన్ మాట: పుట్టుక, విభక్తులు, బహువచనం – తరచుగా అడిగే ప్రశ్నలు

లాటిన్ కొత్తగా నేర్చుకుంటున్నవారు, జీవశాస్త్రం చదివేవారు, అనువాదకులు 'వైరస్' గురించి పదే పదే అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. సంస్కృతం ఎనిమిదో తరగతి పాటి వచ్చినా చాలు, సగం దారి నడిచినట్టే. అందుకే పోలికలన్నీ అక్కడి నుంచే తీసుకున్నాం.

ప్రాచీన రోములో ఈ మాటను ఎలా పలికేవారు?

'వీరుస్' అని. మొదటి అచ్చు దీర్ఘం, రెండోది హ్రస్వం. మొదటి హల్లు మన 'వ' కన్నా పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది. 'ఉ', 'ఈ' రెండిటినీ గబుక్కున కలిపి అంటే దగ్గరికొస్తుంది. 'వైరస్' ఇంగ్లిష్ గొంతు. ఇంగ్లిష్‌లో పాత దీర్ఘ 'ఈ'లు కాలక్రమంలో 'ఐ' అయిపోయాయి, ఆ రూపమే మన దాకా వచ్చింది.

లాటిన్ రూపాలు రాయడానికి తెలుగు లిపి చాలా బాగా కుదురుతుంది. రోమన్ లిపిలో దీర్ఘం చూపాలంటే అక్షరం నెత్తిన గీత గీయాలి, ఆ గీతను ఎవరూ గీయరు. దేవనాగరిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపడం కష్టం. మనకు ఇవన్నీ ఉన్నాయి. లాటిన్ త, ద కూడా మన దంత్యాలే, ట, డ కాదు. ఈ పేజీలో లాటిన్ మాటలు ఏ దీర్ఘంతో కనిపిస్తే ఆ దీర్ఘంతోనే చదవండి. ముందు ముందు దాని అవసరం పడుతుంది.

అసలు అర్థం 'రోగక్రిమి' కాదా?

కాదు. రోమన్లకు ఆ ఊహే లేదు. వాళ్ల వాడుకలో 'వీరుస్' అంటే జిగటగా కారే ద్రవం, పాము విషం, ఘాటైన రసం, ముక్కు మూసుకోవాల్సిన వాసన, నాలుకను కొట్టే ఉప్పు-చేదు రుచి. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది కారడం, కొరకడం.

లుక్రేతియుస్ కవి సముద్రపు నీటి ఉప్పదనాన్ని వీరుస్ అన్నాడు. వర్జిల్ కవి పాముల విషాన్ని అన్నాడు. వక్త, రచయిత సిసెరో అయితే మనిషి నోటి విషాన్ని అన్నాడు: ఎంత మనుషులంటే గిట్టనివాడైనా తన కసినంతా కక్కుకోవడానికి ఒకడిని వెతుక్కోక తప్పదు అంటూ 'వీరుస్' కక్కడం అని రాశాడు. 'విషం కక్కడం' అని మనమూ అంటాం కదా, అచ్చంగా అదే.

క్రీ.శ. 1వ శతాబ్దపు వైద్య గ్రంథకర్త కెల్సుస్ పిచ్చికుక్క కాటు గురించి రాస్తూ, దాని 'వీరుస్'ను కప్పు పెట్టి పీల్చి తీసేయాలంటాడు. ఆ కప్పుకు లాటిన్‌లో పేరు 'కుకుర్బితుల', అంటే చిన్న సొరబుర్ర. రేబిస్ నిజంగానే వైరస్ వల్ల వస్తుంది కాబట్టి, కెల్సుస్‌కు వైరస్ సంగతి ముందే తెలుసని కొందరు రాసేస్తుంటారు. ఆయన రాసింది 'విషం' అన్న అర్థంలోనే.

మన 'విషం'తో దీనికి చుట్టరికం ఉందంటారు. నిజమేనా, వాట్సాప్ భాషాశాస్త్రమా?

నిజమే. సంస్కృత 'విష', అవెస్తన్ 'విష', గ్రీకు 'ఈఒస్', పాత ఐరిష్ 'ఫీ', తోఖారియన్ 'వసె' – అన్నిటికీ అర్థం విషమే. ఇవన్నీ, లాటిన్ 'వీరుస్'తో సహా, ఇండో-యూరోపియన్ మూలభాషలోని ఒకే మాట సంతతి. గ్రీకులో మొదటి 'వ', నడిమి 'స' రెండూ రాలిపోయాయి, అందుకే ఆ రూపం గుర్తుపట్టలేనట్టుంటుంది.

ఒక్క తేడా గమనించండి: లాటిన్‌లో, గ్రీకులో దీర్ఘ 'ఈ', సంస్కృతంలో హ్రస్వ 'ఇ'. అర్థం, హల్లులు ఇంత చక్కగా సరిపోయాక ఈ తేడా చుట్టరికాన్ని చెరిపేయదు.

'ష' ఎక్కడ, 'ర' ఎక్కడ? ఒకటి రెండోది ఎలా అయింది?

ఒకటి రెండోదిగా మారలేదు. మూలంలో ఉన్న 'స' చెరో ఇంట్లో చెరో రకంగా మారింది.

లాటిన్‌లో రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న 'స' మొదట మెత్తబడి, ఆపైన 'ర' అయింది. ఇది క్రీ.పూ. 4వ శతాబ్దంలో ముగిసిన మార్పు. కాలం ఇంత కచ్చితంగా చెప్పడానికి ఒక ఇంటిపేరు ఆధారం: క్రీ.పూ. 340 ప్రాంతంలో నియంతగా ఉన్న లూకియుస్ పపీరియుస్ క్రస్సుస్ తోనే ఆ వంశంవారు 'పపీసియుస్' అని పిలిపించుకోవడం మానేశారని సిసెరో ఒక ఉత్తరంలో రాశాడు. 'వీసుస్' లాంటి పాత రూపంలో నడిమి 'స' అచ్చుల మధ్య ఉంది కాబట్టి 'ర' అయింది. చివరి 'స్' తర్వాత అచ్చు లేదు కాబట్టి అలాగే మిగిలింది.

సంస్కృతంలో సూత్రం వేరు: ఇ, ఉ, ర, క – వీటి తర్వాత వచ్చిన 'స' మూర్ధన్యమై 'ష' అవుతుంది. 'వి' తర్వాత 'స' వచ్చింది, 'విష' అయింది.

ఒక్క మాటతో సూత్రాన్ని నమ్మకూడదు, ఇంకో రెండు చూడండి. లాటిన్‌లో ఎలుక 'మూస్', షష్ఠిలో 'మూరిస్'. వినాయకుడి వాహనం మూషికం. లాటిన్‌లో కోడలు 'నురుస్', సంస్కృతంలో 'స్నుష'. మూడు జంటల్లోనూ అటు 'ర', ఇటు 'ష'. ఇలా వరుసగా సరిపోవడమే చుట్టరికానికి సాక్ష్యం. రెండు మాటలు చెవికి ఒకేలా వినిపించడం సాక్ష్యం కాదు.

అయితే లాటిన్ సంస్కృతం నుంచి పుట్టినట్టేనా?

కాదు. అక్కాచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు కాదు. సంస్కృత 'విష'లో మూల 'స' అప్పటికే 'ష'గా మారిపోయింది. లాటిన్ 'ర' రావాలంటే మారని 'స' కావాలి.

తెలుగు ఈ కుటుంబంలోనే లేదు. మనది ద్రావిడ భాష. 'విషం' మనకు తత్సమం, 'వైరస్' అన్యదేశ్యం. వేల ఏళ్ల కిందట విడిపోయిన అక్కాచెల్లెళ్లు ఇద్దరూ వేర్వేరు దారుల్లో వచ్చి తెలుగింట్లో అద్దెకు దిగారన్నమాట.

వీరుడికీ వీరుస్‌కీ సంబంధం ఉందా?

లేదు. మనవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇదే.

లాటిన్‌లో పురుషుడు 'విర్', హ్రస్వంతో. దీని సంస్కృత బంధువు 'వీర', దీర్ఘంతో. అంటే మన వీరుడి చుట్టం లాటిన్ హ్రస్వ 'విర్', మన విషం చుట్టం లాటిన్ దీర్ఘ 'వీరుస్'. దీర్ఘాలు తారుమారయ్యాయి. 'విర్' నుంచి 'విర్తూస్' (మగతనం, ఆపైన సద్గుణం) పుట్టింది.

మూడో మాట కూడా ఉంది: 'వీస్', అంటే బలం. దీని బహువచనం 'వీరేస్' – ఇక్కడా 'ర' పాత 'స' నుంచి వచ్చినదే. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ నినాదం 'వీరిబుస్ ఊనీతీస్'ను 'వైరస్‌లు ఏకమై' అని ఎవరైనా అనువదిస్తే నవ్వి ఊరుకోండి. 'ఏకమైన బలాలతో' అని దాని అర్థం.

నిఘంటువులో ఈ మాట పక్కన 'ఈ' అనీ, నపుంసకమనీ ఉంటుంది. దాన్ని ఎలా చదవాలి?

లాటిన్ నిఘంటువులు నామవాచకానికి మూడు సంగతులు చెబుతాయి: ప్రథమా ఏకవచనం, షష్ఠి ఏకవచనపు చివర, లింగం. 'వీరుస్, -ఈ, నపుంసకం' అంటే షష్ఠి 'వీరీ' అని, కాబట్టి రెండో నామ వర్గం అని, లింగం నపుంసకం అని.

ఇక్కడే తిరకాసు. రెండో వర్గంలో '-ఉస్'తో ముగిసేవి మామూలుగా పుంలింగాలు, నపుంసకాలు '-ఉమ్'తో ముగుస్తాయి. సంస్కృతంలో రామః, ఫలమ్ ఉన్నట్టే. వీరుస్ వేషం రాముడిది, నడక ఫలానిది. ఇలాంటివి లాటిన్‌లో చెప్పుకోదగ్గవి మూడే: వీరుస్, 'వుల్గుస్' (జనం, మంద), 'పెలగుస్' (సముద్రం). పెలగుస్ గ్రీకు అరువు, గ్రీకులో అది నపుంసకమే కాబట్టి ఆ లింగంతోనే వచ్చింది. వుల్గుస్ మాట నిలకడ లేదు: నపుంసకంగానే ఎక్కువ, పుంలింగంగా 'వుల్గుమ్' అన్న ద్వితీయ కూడా వర్జిల్ లాంటివాళ్లలో కనిపిస్తుంది. వీరుస్ మాత్రం నపుంసకాన్ని విడిచిపెట్టదు.

విభక్తి రూపాలు పూర్తిగా ఇవ్వండి.

ఏకవచనం:

ప్రథమ – వీరుస్
సంబోధన – వీరుస్
ద్వితీయ – వీరుస్
షష్ఠి – వీరీ
చతుర్థి – వీరో (చివర దీర్ఘం)
పంచమి – వీరో (చివర దీర్ఘం)

ప్రథమ, ద్వితీయ ఒకటే కావడం నపుంసకానికి గుర్తు. 'ఫలమ్' శబ్దం వల్లె వేసినవారికి ఇది కొత్త కాదు. లాటిన్ పంచమి మన తృతీయ పని కూడా చేస్తుంది, కాబట్టి 'వీరో' అంటే సందర్భాన్ని బట్టి 'విషం నుంచి', 'విషంతో'.

ప్రాచీన గ్రంథాల్లో కనిపించేవి చాలావరకు ప్రథమ, ద్వితీయలే. షష్ఠి 'వీరీ', పంచమి 'వీరో' రెండూ లుక్రేతియుస్‌లో ఉన్నాయి. అత్తరు కాచేటప్పుడు నూనె తన సొంత ఘాటుతో పూల వాసనను చెడగొట్టకూడదు, అందుకే వాసన లేని నూనె వెతుకుతారు అని చెప్పే చోట ఆ పంచమి వస్తుంది. 'వీరుమ్' అన్న ద్వితీయ తప్పు. పరీక్ష పేపర్లలో ఎక్కువగా మార్కులు పోయేది దాని దగ్గరే.

విశేషణం ఎలా చేర్చాలి?

చివర 'ఉస్' ఉంది కదా అని విశేషణానికి కూడా 'ఉస్' తగిలించకండి. లింగం నపుంసకం, కాబట్టి విశేషణం '-ఉమ్'. చెడ్డ విషం 'మలుమ్ వీరుస్', 'మలుస్ వీరుస్' కాదు. కెల్సుస్ వాక్యంలో కూడా 'తీసేయవలసినది' అన్న మాట 'ఎక్స్‌త్రహెందుమ్' అనే ఉంటుంది. హోరేస్ 'ప్రొఫానుమ్ వుల్గుస్' అన్నాడు, అదీ ఈ లెక్కే.

రెండు మాటలూ వేర్వేరు చివరలతో పక్కపక్కన ఉంటే కొత్తవారికి చేయి ఆగదు, దిద్దేస్తారు. దిద్దొద్దు.

వర్జిల్ పాదం ఒకటి విడదీసి చూపించగలరా?

వ్యవసాయం మీద రాసిన కావ్యం మొదటి భాగంలో, 129వ పాదం. స్వర్ణయుగాన్ని ముగించి మనుషులకు కష్టం నేర్పడానికి జూపిటర్ ఏమేం చేశాడో చెబుతున్న చోటు:

ఇల్లె మలుమ్ వీరుస్ సెర్పెంతిబుస్ అద్దిదిత్ ఆత్రీస్

ఇల్లె – అతడు. మలుమ్ – చెడ్డ. వీరుస్ – విషాన్ని. సెర్పెంతిబుస్ – పాములకు. అద్దిదిత్ – చేర్చాడు. ఆత్రీస్ – నల్లని. 'నల్లని' అన్నది పాములకు విశేషణం. చతుర్థీ బహువచనంలో ఉంది కాబట్టి ఎంత దూరంలో ఉన్నా పాములనే పట్టుకుంటుంది. 'సెర్పెన్స్' మన సర్పానికి చుట్టం, '-బుస్' ప్రత్యయం 'సర్పేభ్యః'లోని 'భ్యః'కు చుట్టం. ఒక్క పాదంలో సర్పం, విషం రెండూ దొరికాయి.

ఇప్పుడు గణాలు. ఈ ఛందస్సులో పాదానికి ఆరు గణాలు. ఒక్కోటి భగణం (గురువు, రెండు లఘువులు) లేదా గగం. చివరి గణం రెండక్షరాలే.

ఇల్-లె-మ – భగణం
లుమ్-వీ – గగం
రుస్-సెర్ – గగం
పెన్-తి-బు – భగణం
అద్-ది-ది – భగణం
ఆ-త్రీస్ – గగం

'బుస్', 'దిత్' చివరి హల్లులు తర్వాతి మాట మొదటి అచ్చుతో కలిసిపోతాయి, అందుకే అవి లఘువులే. రెండో గణం చూడండి: 'లుమ్' తర్వాత 'వి' అని హ్రస్వం పెడితే గురువు, లఘువు, ఆ వెంటనే 'రుస్' గురువు వస్తాయి. భగణమూ కాదు, గగమూ కాదు. పాదం కూలిపోతుంది. వీరుస్‌లో 'వీ' దీర్ఘమని చెప్పడానికి ఛందస్సే సాక్షి.

బహువచనం ఏమిటి?

ప్రాచీన లాటిన్‌లో లేదు. ఎవరూ వాడిన దాఖలా లేదు.

కారణం తెలుగువాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. పాలు, నీళ్లు మనకు ఎప్పుడూ బహువచనాలే. 'ఒక పాలు', 'ఒక నీరు' అని లెక్కపెట్టం. రోమన్లకు వీరుస్ అలాగే లెక్కకు అందని ద్రవ్యం, కాకపోతే ఎప్పుడూ ఏకవచనం.

ఈ కాలంలో లాటిన్‌లో రాసే శాస్త్రజ్ఞులకు లెక్కపెట్టాల్సిన అవసరం వచ్చింది. వారు నపుంసక సూత్రం ప్రకారం 'వీర' (చివర హ్రస్వం), షష్ఠి 'వీరోరుమ్', చతుర్థి-పంచమి 'వీరీస్' అని కట్టుకున్నారు. నపుంసక బహువచనానికి 'అ' రావడం కూడా కుటుంబ లక్షణమే: వేదంలోని 'భువనాని విశ్వా'లో 'విశ్వా' ఇలాంటిదే. వ్యాకరణం ప్రకారం 'వీర' సరైనదే. కాకపోతే సిసెరో నోట విన్న మాట కాదని గుర్తుంచుకుని వాడండి.

మరి ఇంటర్నెట్‌లో కనిపించే 'విరై', 'విరియై'?

రెండూ తప్పే, వేర్వేరు కారణాలతో.

చివర ఒక రోమన్ 'ఐ' అక్షరం పెట్టేవారు 'ఫొకుస్ – ఫొకీ' పద్ధతిని ఇక్కడికి లాగుతున్నారు. అది పుంలింగాలకు. నపుంసకానికి ఎప్పుడూ '-ఈ' బహువచనం రాదు. 'వీరీ' అన్న రూపం ఉంది కానీ అది షష్ఠి ఏకవచనం: 'విషం యొక్క'. దీర్ఘం తీసేసి 'విరీ' అంటే 'మగాళ్లు'.

రెండు 'ఐ'లు పెట్టేవారిది ఇంకో పొరపాటు. 'రదియుస్ – రదిఈ'లో మొదటి 'ఇ' ప్రాతిపదికలోనే ఉంది. ఇక్కడ అలాంటి 'ఇ' రావాలంటే మాట 'వీరియుస్' అయి ఉండాలి. అలాంటి మాట లేదు. ఈ రూపాన్ని కంప్యూటర్ కుర్రకారు సరదాగా వాడారు, సరదా తెలియనివాళ్లు లాటిన్ అనుకున్నారు.

'-ఉస్' కనబడగానే ఒకే సూత్రం పట్టకూడదు. 'కొర్పుస్' (శరీరం) మూడో వర్గం నపుంసకం, బహువచనం 'కొర్పొర'. 'స్తతుస్' నాలుగో వర్గం, బహువచనంలో చివరి అచ్చు దీర్ఘమవుతుంది, అంతే. 'ఒమ్నిబుస్' అసలు ప్రథమే కాదు, చతుర్థీ బహువచనం: 'అందరి కోసం'. మన బస్సు దాని తోకే. అందుకే ముందు నిఘంటువులో షష్ఠి చూడాలి, తర్వాతే బహువచనం జోలికి పోవాలి.

డిజిటల్ గ్రంథాల్లో వెతికితే వేల 'విరి'లు వస్తున్నాయి. విషాన్ని మగాళ్ల నుంచి వేరు చేసేదెలా?

ముందు 'వీరుస్' రూపాన్నే వెతకండి. 'విర్' శబ్దానికి ఏ విభక్తిలోనూ 'విరుస్' రాదు, కాబట్టి వచ్చినవన్నీ మీవే. రెండుసార్లు వెతకాలి: ఒకసారి రోమన్ 'వీ' అక్షరంతో, ఒకసారి 'యు'తో. రోమన్లకు ఆ రెండూ ఒకటే అక్షరం. కొన్ని ముద్రణల్లో ఇప్పటికీ అన్నిచోట్లా 'యు'నే వేస్తారు. ఈ రెండో వెతుకులాట మరిచిపోయి 'ఫలానా రచయిత ఈ మాట వాడలేదు' అని తేల్చేసినవారు ఉన్నారు.

షష్ఠి, పంచమి దగ్గరే చిక్కు. పద్యమైతే గణం చూడండి. లుక్రేతియుస్ రెండో భాగం 476వ పాదం 'ప్రీమోర్దియ వీరీ' అని ముగుస్తుంది. ఐదో గణం 'మోర్-ది-య' భగణం. ఆరో గణం తప్పనిసరిగా గురువుతో మొదలవ్వాలి. హ్రస్వ 'వి' అక్కడ కూర్చోదు, కాబట్టి అది విషమే, మగాళ్లు కాదు. పైగా సందర్భం కూడా నేలలో ఇంకి తియ్యబడే ఉప్పునీరు. వచనమైతే విశేషణం చూడాలి, అదీ లేకపోతే సందర్భమే గతి.

దీని నుంచి పుట్టిన మాటలు?

'వీరులెంతుస్' – విషంతో నిండినది. వైద్యులు రోగకారకాల ఉధృతికి వాడే 'విరులెన్స్' ఇదే.

'వీరోసుస్' – కంపు కొట్టేది, విషపూరితమైనది. మొక్కలు, పుట్టగొడుగుల పేర్లలో స్త్రీలింగ రూపం తరచుగా కనిపిస్తుంది: సికూటా విరోసా, లాక్టూకా విరోసా, అమనీటా విరోసా. మూడింటిలోనూ ఆ మాట హెచ్చరిక బోర్డే. అమనీటా విరోసా తిన్నవారి కాలేయాన్ని దెబ్బతీసి చంపగల పుట్టగొడుగు. వర్జిల్ కూడా పొంతుస్ ప్రాంతం నుంచి వచ్చే ఘాటైన కస్తూరి లాంటి సరుకును ఇలాగే అన్నాడు. దానికి ఒక పాదం ముందు 'ఇండియా దంతం పంపుతుంది' అని మన ఊసూ ఉంది.

ఒక జాగ్రత్త. హ్రస్వంతో 'విరోసుస్' అని వేరే మాట ఉంది, 'విర్' నుంచి పుట్టింది: మగాళ్ల కోసం తపించే అని దాని అర్థం. అనువాదంలో ఈ రెండూ కలిస్తే పరువు పోతుంది.

రోగం అర్థం ఎప్పుడు అంటుకుంది?

మెల్లగా. 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ వైద్యులు రోగాన్ని అంటించే పదార్థం దేనికైనా వైరస్ అన్నారు. 1798లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమసూచి గురించి రాసినప్పుడు ఈ మాటను ఆ అర్థంలోనే వాడాడు. పుండులోంచి తీసిన చీము రసం అని ఆయన భావం. పాశ్చర్ కాలానికీ అది పాత అర్థమే.

1892లో దిమిత్రీ ఇవనోవ్‌స్కీ రోగం పట్టిన పొగాకు ఆకుల రసాన్ని బాక్టీరియా దూరలేని పింగాణీ వడపోత గుండా పోశాడు. వడకట్టిన రసం ఇంకా రోగం అంటిస్తూనే ఉంది. 1898లో బెయ్యెరింక్ అదే చూసి దానికి 'కొంతాగియుమ్ వీవుమ్ ఫ్లుయిదుమ్' అని పేరు పెట్టాడు: జీవమున్న, ద్రవరూపంలోని అంటు. మూడు మాటలూ నపుంసకం, ప్రథమ, ఏకవచనం, పొత్తు కుదిరింది. ఇందులోని 'వీవుస్' మన 'జీవ'కు చుట్టం. విచిత్రమేమంటే, అది ద్రవమని బెయ్యెరింక్ అనుకోవడం వల్ల మాట పాత లాటిన్ అర్థానికి దగ్గరగా వెళ్లింది. 1935లో వెండెల్ స్టాన్లీ ఆ పొగాకు వైరస్‌ను స్ఫటికాలుగా తీసి చూపించాడు, దాంతో అది ద్రవం కాదు రేణువులని తేలిపోయింది. లెక్కపెట్టదగిన వస్తువు అయింది కాబట్టి బహువచనం గొడవ కూడా అప్పటి నుంచే ముదిరింది.

వైరస్‌ల శాస్త్రీయ నామాల్లో లాటిన్ వ్యాకరణం పాటిస్తారా?

కొంతవరకు. అంతర్జాతీయ వర్గీకరణ సంఘం నియమాల్లో ప్రజాతి '-వైరస్', కుటుంబం '-విరిడే', క్రమం '-విరాలెస్' అని ముగియాలి. 'విర్-' ప్రాతిపదిక, 'ఇడే' గ్రీకు వంశనామ ప్రత్యయం.

2021 నుంచి జాతికి రెండు మాటల పేరు తప్పనిసరి చేశారు. వీరుస్ నపుంసకం కాబట్టి రెండో మాట విశేషణమైతే నపుంసకంలో ఉండాలి. అందుకే 'బీటాకరోనావైరస్ పాండెమికుమ్', 'ఆర్థోఫ్లావివైరస్ జపోనికుమ్' (మెదడువాపు), 'ఆర్థోఎబోలావైరస్ జైరెన్సె'. 'పాండెమికుస్', 'జైరెన్సిస్' అని రాస్తే తప్పు. రెండో మాట షష్ఠిలో ఉండొచ్చు: తట్టు వైరస్ 'మోర్బిల్లివైరస్ హోమినిస్', అంటే 'మనిషి యొక్క'. విడి నామవాచకమైతే మార్చక్కర్లేదు: 'వెసిక్యులోవైరస్ చండీపురా'. 1965లో నాగపూర్ దగ్గరి ఊరి పేరుతో గుర్తించిన ఈ వైరస్ 2003లో ఆంధ్రప్రదేశ్ పిల్లల్లో మెదడువాపుగా విజృంభించింది.

ప్రజాతి పేర్ల మొదటి సగాల్లోనూ లాటిన్ దొరుకుతుంది. ఫ్లావి – పసుపు (పసుపు జ్వరం). లెంటి – మెల్లని. రోటా – చక్రం. ఇది మన 'రథం' చుట్టం.

'కంప్యూటర్ వైరస్'లో?

1984లో ఫ్రెడ్ కోహెన్ పరిశోధన పత్రంతో ఆ అర్థం స్థిరపడింది. వ్యాకరణంలో కొత్తగా ఏమీ లేదు.

పత్రికల్లో రాసే 'విషజ్వరాలు' వైరల్ జ్వరాలకు సరైన అనువాదమేనా?

వ్యుత్పత్తి ప్రకారం చూస్తే ఇంత చక్కని అనువాదం దొరకదు: విషం, వీరుస్ ఒకే మూలం. అనువాదకులకు ఆ సంగతి తెలిసి చేసి ఉండరు, అనుకోకుండా కుదిరింది. వైద్యపరంగా మాత్రం అది వదులు మాట. వార్తల్లో మలేరియా, టైఫాయిడ్‌లను కూడా విషజ్వరాల్లోనే కలిపేస్తారు, అవి వైరస్ వల్ల వచ్చేవి కావు. కచ్చితత్వం కావాలంటే 'వైరల్ జ్వరం' అనే రాయండి.

ఆయుర్వేదంలోని 'విషమజ్వరం' ఇంకో మాట. అది వి + సమ, వచ్చి పోయి వచ్చే జ్వరం. అందులో విషం లేదు. ఇక్కడ కూడా 'ఇ' తర్వాతి 'స'యే 'ష' అయింది.

తెలుగులో బహువచనం 'వైరస్‌లు'యా, 'వైరసులు'యా?

రెండూ చెల్లుతాయి. పత్రికా భాషలో మొదటిది ఎక్కువ, పాఠ్యపుస్తకాల్లో రెండోదీ కనిపిస్తుంది. ఒకే వ్యాసంలో రెండూ కలపకండి. లాటిన్ బహువచనాన్ని తెలుగులోకి తెచ్చి 'వీర' అనాల్సిన పని లేదు, ఇంగ్లిష్ బహువచనానికి మళ్లీ 'లు' తగిలించి 'వైరసెస్‌లు' అనాల్సిన పని అంతకన్నా లేదు. టైపు చేసేటప్పుడు 'స్' తర్వాత విడదీసే గుర్తు (జీరో విడ్త్ నాన్ జాయినర్) కొట్టండి. లేకపోతే 'ను' ప్రత్యయం 'స'కు వత్తుగా అతుక్కుని 'వైరస్ను' అని పడుతుంది.